పంపు దగ్గర నిలబడ్డ మనిషికి మంట కనిపించదు

చెన్నై శివార్లలో ఒరగడం దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫైర్ టీమ్‌కి షిఫ్ట్ ఇన్‌చార్జిగా పనిచేస్తున్న తమ్ముడు ఒకరు ఇలా అడిగారు: "నా కింద ఎనిమిది మంది ఉన్నారు. నలుగురు తమిళులు, ఇద్దరు మన తెలుగువాళ్లు, ఇద్దరు బిహార్ అబ్బాయిలు. రెండేళ్లుగా చెప్పుకోదగ్గ మంట ఒక్కటీ రాలేదు. డ్రిల్ అంటే మొక్కుబడిగా వస్తున్నారు. ఒకబ్బాయి అయితే ఏదో ఒక వంకతో తప్పించుకుంటాడు. మోటివేషన్ క్లాసు చెప్పే ఆయన్ని పిలిపిద్దామని మా మేనేజర్ అంటున్నారు. ఫైర్ సర్వీసులో మీవాళ్లకి ఆ ఊపు ఎక్కడినుంచి వచ్చేది? టీమ్‌వర్క్ ఎలా కుదిరేది? ఆ అబ్బాయిని మార్చేయమంటారా?"

నేను పుట్టి పెరిగింది పాత వాషర్‌మన్‌పేటలో. మా తాతగారు నెల్లూరు వైపు నుంచి హార్బర్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తాంబరం ట్రైనింగ్ సెంటర్‌లో హోస్ చుట్టడం నేర్చుకున్న రోజు నుంచి స్టేషన్ ఆఫీసర్‌గా రిటైరైన రోజు దాకా, ముప్పై ఏళ్లకు పైగా చెన్నైలో ఫైర్ సర్వీసులోనే గడిపాను. నేను చూసిందే చెప్తాను.

ముందు మీ మేనేజర్ గారి సంగతి. ఆ క్లాసుకి పెట్టే డబ్బుతో ఎనిమిది జతల మంచి గ్లవ్స్, ఎవరి పాదానికి సరిపోయే బూట్లు వాళ్లకి కొనమనండి. ఎవరో వదిలేసి వెళ్లిన తొమ్మిదో నంబరు బూటు ఏడో నంబరు కాలికి తొడిగి, చిరిగిన గ్లవ్స్ చేతికిచ్చి, ధైర్యంగా ఉండాలని క్లాసు చెప్తే వినేవాడికి ఏమనిపిస్తుంది? వీళ్ల దృష్టిలో నా చెయ్యి కాలినా ఫర్వాలేదన్నమాట, అనిపిస్తుంది. నేను చేరిన కొత్తలో నాకు సరిగ్గా అలాగే అనిపించింది. నా సైజు బూట్లు తెప్పించిన ఆఫీసర్ కోసం మాత్రం ఎంత పొగలోకైనా వెళ్లాను. ఇది డబ్బు మాట అనుకోకండి. నన్ను ఒకరు లెక్కలోకి తీసుకున్నారన్న మాట.

ఇక అసలు ప్రశ్న. ఊపు ఎక్కడినుంచి వస్తుంది?

బెల్లు మోగగానే గుండె దడదడలాడడం, సైరన్, దారిచ్చే జనం, బయటికొచ్చాక చప్పట్లు, ఇవన్నీ నిజమే. మొదటి రెండేళ్లు వాటితోనే గడిచిపోతుంది. ఆ తర్వాత అదే బెల్లు అర్ధరాత్రి మోగితే ముందుగా నడుము నొప్పి గుర్తొస్తుంది. అప్పుడు మనిషిని లేపి బండెక్కించేది ఏమిటో నాకు ఒక డ్రైవరన్న వల్ల తెలిసింది.

అప్పటికి నేను లీడింగ్ ఫైర్‌మన్‌ని. ఎండాకాలం, రాత్రి రెండు దాటింది. ఉత్తర చెన్నైలో ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్ అంటుకుంది. నేనూ, ఇంకో కుర్రాడూ బ్రాంచ్ పట్టుకుని లోపలికి వెళ్లాం. బ్రాంచ్ అంటే హోస్ చివర నీళ్లు చిమ్మే ఇత్తడి గొట్టం. ప్లాస్టిక్ పొగ నల్లగా, జిడ్డుగా ఉంటుంది. టార్చి వేస్తే వెలుగు మన చెయ్యి దాటి పోదు. నేలకి ఆనుకుని పాకుతూ వెళ్లాం. పైన వేడి ఎంతుందంటే హెల్మెట్ కాస్త ఎత్తితే చెవులు చురచురమంటాయి. ఒక చోట నా చేతిలో హోస్ ఒక్కసారిగా మెత్తబడింది. ఆ క్షణం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఎదురుగా మంట, చేతిలో నీళ్లు లేవు. కుర్రాడు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. రెండు మూడు సెకన్లు గడిచాయేమో, హోస్ మళ్లీ బిగిసింది. బయట ఏం జరిగిందో లోపలున్న మాకు అర్థమైంది. బండి ట్యాంకు అడుగంటింది, మెట్రో వాటర్ లారీ వచ్చింది, డ్రైవరన్న ధార పూర్తిగా తెగకుండా దాని నీళ్లు కలిపాడు.

తెల్లారాక బయటికొచ్చాం. మా మొహాలు మసిబారి ఉన్నాయి కాబట్టి అందరూ మాకే నీళ్లిచ్చారు, భుజం తట్టారు, ఫోటోలు తీశారు. డ్రైవరన్న చొక్కా మీద ఒక్క మరకా లేదు. మూడు గంటల పాటు పంపు పక్కన నిలబడి, నీళ్ల ఒత్తిడి చూపించే గేజి ముల్లు చూస్తూనే ఉన్నాడు. టీ తాగుతుంటే అన్నాడు. ఆయనది చిత్తూరు వైపు. "నాకేం కనపడ్లేదబ్బా. లోపల మీరుండారో పోయినారో గూడా తెలీలేదు. ముల్లు చూసుకుంటా నిలబడితిని, అంతే."

ఆ "అంతే" అన్న మాట నాకు అప్పుడు పట్టలేదు. కానీ తర్వాత కొన్ని వారాలు ఆయనలో ఏదో తగ్గింది. పొద్దున పంపు చెకింగ్ చేస్తాడు కానీ మొహంలో కళ ఉండదు. "ఈ పని ఎవురైనా చేస్తార్లే" అనేవాడు. మా స్టేషన్ ఆఫీసర్ అది కనిపెట్టారు. ఏమీ అనలేదు. ఒకరోజు మా నలుగురినీ బండెక్కించి ఆ కాలిన గోడౌన్‌కే తీసుకెళ్లారు. డ్రైవరన్నని ముందు నడిపించారు. లోపల కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్ మీద నడుస్తూ వెనక గోడ దాకా వెళ్లాం. ఆ గోడకి ఒక అడుగు ఇవతల మసి ఆగిపోయింది. అక్కడ థిన్నర్ డ్రమ్ములు, పైన రంగు కూడా పోకుండా వరసగా ఉన్నాయి. గోడ అవతల ఇళ్లు. ఒకావిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. మా ఆఫీసర్ తమిళంలో అన్నారు, "అన్నా, వీళ్లిద్దరూ ఇక్కడిదాకా రాగలిగింది నీ ముల్లు ఏడు దగ్గర నిలబడబట్టే." డ్రైవరన్న ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు.

ఆ తర్వాత ఆయన పంపుని ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ప్రతి కాల్ తర్వాతా బ్రాంచ్ పట్టినవాణ్ణి ఆపి, "యాడిదాకా అందింది?" అని అడిగేవాడు. రిటైరయ్యే రోజు దాకా అడిగాడు.

తమ్ముడూ, మీ ఎనిమిది మందీ ఆ డ్రైవరన్న లాంటివాళ్లే. రెండేళ్లుగా గేజి ముల్లు చూస్తూ నిలబడ్డారు. వాళ్ల పని వల్ల ఏం నిలబడిందో వాళ్లకి ఎవరూ చూపించలేదు. వాళ్లలో బద్ధకం కంటే ఇదే ఎక్కువని నా నమ్మకం. మంట రాకపోవడం వాళ్ల పనికి వచ్చిన ఫలితమే. కానీ ఆ ఫలితం కంటికి ఆనదు. ఆనేలా చేయడమే మీ పని.

ఎలా చేయాలంటారా? వాళ్లని షాప్ ఫ్లోర్‌లో తిప్పండి. ఇన్‌స్పెక్షన్ పేరుతో ఎక్స్‌టింగ్విషర్ల మీద చీటీలు సంతకం పెట్టే తిరుగుడు కాదు. ఒక్కొక్కరికి ఒక్కో షెడ్ అప్పజెప్పండి. ఆ షెడ్‌లో ఏ షిఫ్టులో ఎంతమంది ఉంటారు, నడవలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా, పెయింటు ఎక్కడ పెడతారు, కరెంటు మెయిన్ ఎక్కడుంది, పొగ కమ్మితే ఏ తలుపు వైపు పరుగెడతారు, ఇవన్నీ అతనే తెలుసుకుని మిగతా ఏడుగురికీ చెప్పాలి. పేర్లతో సహా తెలియాలి. ప్యాకింగ్‌లో పనిచేసే ఫలానా అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లు దిగలేదు, అని తెలిసిన కుర్రాడు మెట్ల దగ్గర పేర్చిన అట్టపెట్టెల్ని చూసి ఊరుకోడు. మీరు చెప్పకుండానే జరిపిస్తాడు. డ్రిల్ కూడా ఆ అక్క కోసమే అన్నట్టు చేస్తాడు.

ఇంకోటి, స్టాప్‌వాచ్. స్టేషన్ గోడ మీద ఒక నల్లబోర్డు పెట్టండి. బెల్లు కొట్టిన దగ్గర్నుంచి బ్రాంచ్‌లోంచి నీళ్లు వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. మా స్టేషన్లో దీన్ని మొదలుపెట్టినప్పుడు ఎవరికీ బహుమతులు లేవు, తిట్లూ లేవు. అంకె మాత్రమే. పక్క స్టేషన్‌తో పోలిక కూడా వద్దన్నాను. నిన్నటి అంకె, ఈరోజు అంకె, అంతవరకే. రెండు వారాలయ్యేసరికి కుర్రాళ్లే కప్లింగ్‌లో, అంటే హోస్ ముక్కల్ని కలిపే బిగింపులో, ఇసుక ఎందుకుందని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు.

టీమ్‌వర్క్ గురించి అడిగారు. దాన్ని గుణంగా, మంచితనంగా చెప్తారు చాలామంది. మా పనిలో అది బరువు లెక్క. 20 మిల్లీమీటర్ల నాజిల్‌లోంచి 7 బార్ ఒత్తిడితో నీళ్లు వదిలితే నిమిషానికి సుమారు 700 లీటర్లు పోతాయి. ఆ ధార వెనక్కి తన్నే బలం దాదాపు 45 కిలోలు. 63 మిల్లీమీటర్ల హోస్ 15 మీటర్ల ముక్క నీళ్లతో నిండితే ఆ నీళ్ల బరువే మరో 47 కిలోలు. ఒక్కడు దాన్ని పట్టుకుని నిలబడగలడేమో కానీ ముందుకు కదలలేడు. వెనకవాడు తన భుజంతో ఆ తన్నుని మోస్తేనే ముందువాడి చెయ్యి తిరుగుతుంది. ఇంకో లెక్క: బండి ట్యాంకులో 4500 లీటర్లుంటే ఒక్క లైనుకి ఆరున్నర నిమిషాలకి సరి. ఆలోపు ఇంకొకరు హైడ్రెంట్, అంటే మంటల కోసం పెట్టిన నీళ్ల కుళాయి, వెతికి కలపాలి, లేదా లారీ రావాలి. లోపలున్నవాడు ఎంత ధీరుడైనా అతని ధైర్యం వయసు ఆరున్నర నిమిషాలు. ఈ అంకెల్ని మీవాళ్లకి నోటితో చెప్పకండి. ఒక్కడి చేతికి బ్రాంచ్ ఇచ్చి ఒత్తిడి మెల్లగా పెంచుతూ, జాగ్రత్తగా, చూపించండి. మూడు బార్ దగ్గరే వెనక ఎవరైనా ఉంటే బాగుండునని అతను తల తిప్పి చూస్తాడు.

మీ ఫ్యాక్టరీలో హైడ్రెంట్ లైను ఉంటుంది కాబట్టి నీళ్లకి కొరత లేదని మీవాళ్లు ధీమాగా ఉండొచ్చు. లైనులో ఒత్తిడి పడిపోకుండా చూసేది జాకీ పంపు. మంట ఆర్పడానికి చాలేది కాదది. మెయిన్ పంపు కరెంటుతో నడుస్తుంది. మంటొచ్చిన రోజు కరెంటు ఉంటుందని ఎవరూ రాసివ్వలేరు. కాబట్టి డీజిల్ పంపు దగ్గర ఎవరు నిలబడతారు, అతను స్టార్ట్ చేయలేకపోతే పక్కన ఎవరుంటారు అన్నది ముందే తేలాలి. ప్రతి వారం మనిషిని మార్చండి. బ్రాంచ్ పట్టేవాడు పంపు దగ్గరికి, పంపువాడు బ్రాంచ్ దగ్గరికి. ఒకసారి గేజి పక్కన నిలబడి చూసినవాడు, లోపలినుంచి "నీళ్లేవీ?" అని మళ్లీ కసురుకోడు.

భాషల విషయం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది మీరు అనుకుంటున్నంత పెద్ద సమస్య కాదు. టెన్షన్‌లో ప్రతివాడూ అమ్మ భాషలోనే అరుస్తాడు. అందుకే మాటలు తగ్గించండి. వాటర్ ఆన్, వాటర్ ఆఫ్, వెనక్కి, మేకప్. ఈ నాలుగూ ఎనిమిది మందికీ ఒకటే అయి ఉండాలి, ఒక్కోదానికీ చేతి సైగ ఉండాలి. మేకప్ అంటే తెలుసుగా, పని అయ్యాక సామాన్లన్నీ సర్ది బండెక్కించడం. పంపు రొదలో మాట వినపడదు, పొగలో సైగ కనపడదు. అప్పుడు భుజం తట్టే లెక్క ఒకటి పెట్టుకోండి. మేము రెండు తట్లంటే ఆగు, మూడంటే వెనక్కి అని పెట్టుకున్నాం. మిగతా కబుర్లు ఎవరి భాషలో వాళ్లు చెప్పుకోనివ్వండి. మా స్టేషన్లో సగం మందికి తెలుగు వచ్చింది నా వల్లా, మా ఇంటి గోంగూర పచ్చడి వల్లా.

తిండి మాట వచ్చింది కాబట్టి, కలిసి తినండి. మా దగ్గర క్యారియర్లన్నీ ఒకే బల్ల మీద విప్పేవాళ్లం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ఇదే విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడి ఫైర్ స్టేషన్లలో కలిసి వండుకుని కలిసి తినే టీమ్‌ల పనితీరుని పై అధికారులు మెరుగ్గా అంచనా వేశారట. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. అన్నం దగ్గర మనిషి దాచుకోలేడు. ఎప్పుడూ రెండో వాయి పెట్టించుకునేవాడు కెలుకుతూ కూర్చుంటే ఇంట్లో ఏదో అయిందని తెలిసిపోతుంది. ఆ రోజు అతన్ని ముందు వరసలో పెట్టం. మీ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఎనిమిది మందీ ఎనిమిది చోట్ల కూర్చుంటుంటే మొదట అది మార్చండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. "వద్దు" అనగలగడం. టీమ్ అంటే నాయకుడు ఉరకమంటే ఉరకడం అనుకునేవాళ్లు మా సర్వీసులోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. 2017 జూలైలో కొడుంగయూర్‌లో ఒక బేకరీలో మంటలు ఆర్పడానికి వెళ్లినప్పుడు గ్యాస్ సిలిండర్ పేలి ఒక ఫైర్‌మన్ ప్రాణం పోయింది. చూడ్డానికి మూగిన జనానికీ సిబ్బందికీ కలిపి ఎంతోమందికి కాలిన గాయాలయ్యాయి. ఆ రోజు ఎవరు ఏం చేసి ఉండాల్సిందని తీర్పు చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను. కానీ ఆ తర్వాత నేను నా స్టేషన్లో ఒక నియమం పెట్టాను. చిన్నవాడైనా సరే, నిన్న చేరినవాడైనా సరే, గ్యాస్ వాసన వచ్చినా, పైకప్పు చిటపటలాడుతున్నట్టు వినిపించినా, జనం మరీ దగ్గరికొచ్చారనిపించినా "ఆగండి" అనాలి. అన్నవాణ్ణి ఎవరూ ఆటపట్టించకూడదు. అతను పొరపడినా సరే, ఆ రాత్రి అందరి ముందూ "అడిగినందుకు థాంక్స్" అని చెప్పేవాణ్ణి. పదిసార్లు ఉత్తదే అయినా ఫర్వాలేదు. పదకొండోసారికి అతను నోరు మూసుకోకూడదు, అదే నాక్కావలసింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నాయకుడు చెప్పింది అర్థం కాకపోయినా నమ్మాల్సిన క్షణాలు వస్తాయి. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో మాన్ గల్చ్ అనే లోయ ఉంది. 1949 ఆగస్టు 5న అక్కడ అడవి మంట ఆర్పడానికి 15 మంది విమానంలోంచి పారాచూట్లతో దిగారు. కింద ఇంకొక అటవీ ఉద్యోగి వాళ్లతో కలిశాడు. మంట ఉన్నట్టుండి వాళ్ల వెంటపడింది. ఎండు గడ్డి ఉన్న ఏటవాలు మీద పైకి పరుగెడుతుండగా ఫోర్‌మన్ వాగ్నర్ డాడ్జ్ ఆగి, తన ముందున్న గడ్డికి తనే నిప్పు పెట్టాడు. అది కాలిపోయిన జాగాలో బోర్లా పడుకుంటే వెనక వచ్చే మంటకి తినడానికి ఏమీ ఉండదు. మిగతావాళ్లని కూడా అందులోకి రమ్మని పిలిచాడు. ఎవరూ వెళ్లలేదు. అంతకుముందు అలాంటి పని ఎవరూ చూడలేదు, వాళ్లంతా ఒక టీమ్‌గా కలిసి తర్ఫీదు పొందినవాళ్లూ కాదు. 13 మంది చనిపోయారు. డాడ్జ్ బతికాడు, ఇంకో ఇద్దరు గట్టెక్కి బయటపడ్డారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా కుర్రాళ్లకి నేను అలాంటి వింత మాట చెప్తే వింటారా అని ఆలోచిస్తూ పడుకున్నాను. మర్నాటి నుంచి డ్రిల్‌లో ఏం చేయాలో చెప్పి వదిలేయకుండా, ఎందుకు చేయాలో కూడా చెప్పడం మొదలుపెట్టాను. చల్లగా ఉన్నప్పుడు నా కారణాలు వంద విని ఉంటే, వేడిలో కారణం చెప్పడానికి టైము లేని రోజున ఒక్కసారి నమ్ముతారని నా ఆశ.

నమ్మకం పోగొట్టుకునే అవకాశం కూడా నాకు వచ్చింది. స్టేషన్ ఆఫీసర్‌నయ్యాక, ఒక బేస్‌మెంట్‌లో మంట. ఇద్దరు గాలి సిలిండర్లు తగిలించుకుని దిగారు. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో 1800 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్ల లెక్కన కాగితం మీద 45 నిమిషాలు. హోస్ లాగుతూ మెట్లు ఎక్కీ దిగీ చేసేవాడికి అందులో చాలా తక్కువే మిగులుతుంది. అందుకే ఎవరు ఎన్ని గంటలకి దిగారో, ఎంత గాలితో దిగారో బయట పలక మీద రాయాలి. రాయాల్సింది నేను. ఆ హడావుడిలో ఎవరో వచ్చి లోపల తన తమ్ముడున్నాడని నా చెయ్యి పట్టుకుని లాగితే అటు తిరిగాను. రాయలేదు. వాళ్లిద్దరూ గాలి అయిపోవస్తోందని హెచ్చరించే సిలిండర్ విజిల్ మోగుతుండగా మెట్ల దాకా వచ్చి, అక్కడ దారి తడబడి, ఒకరి బెల్టు ఒకరు పట్టుకుని బయటపడ్డారు. అప్పటికి గేజిలో మిగిలింది దాదాపు సున్న. ఆ తమ్ముడు, తర్వాత తెలిసింది, అసలు లోపల లేడు.

ఆ సాయంత్రం స్టేషన్లో కూర్చున్నాం. ప్రతి పెద్ద కాల్ తర్వాతా కూర్చునే అలవాటు మాది. అప్పటిదాకా ఎప్పుడూ నేనే మొదట మాట్లాడేవాణ్ణి, ఎక్కువ మాట్లాడేవాణ్ణి. ఆ రోజు ఒక్క ముక్కే అన్నాను: "టైము రాయనిది నేను. వీళ్ల ప్రాణం మీదికి తెచ్చింది నేను." చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఆ ఇద్దరిలో పెద్దవాడు, తన గేజి చూసుకోవడం మరిచానన్నాడు. ఇంకొకడు గైడ్ తాడు కట్టకుండానే దిగామన్నాడు. పంపు దగ్గరున్నతను, విజిల్ వినపడినా ఆఫీసర్‌కి తెలిసే ఉంటుందిలే అని ఊరుకున్నానన్నాడు. నేను గనక "అంతసేపు లోపలెందుకున్నారు?" అని మొదలుపెట్టి ఉంటే ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. మీరు డ్రిల్ తర్వాత మీటింగ్ పెడితే మీ తప్పుతో మొదలుపెట్టండి. చిన్నదే అయినా నిజమైనది చెప్పండి. ఆ తర్వాత మీరు మాట్లాడడం ఆపి వినండి.

మా సర్వీసులో గుండె నిబ్బరం గురించి చెప్పమంటే ప్రియా రవిచంద్రన్ గారి పేరు తలుచుకుంటాను. 2012 జనవరిలో చేపాక్‌లోని చారిత్రక కలస మహల్ తగలబడినప్పుడు ఆ అధికారి తనవాళ్లతో పాటే లోపలున్నారు. పైకప్పు కూలి మా సర్వీసులో ఒకరు చనిపోయారు, ఆవిడకి తీవ్రంగా కాలిన గాయాలయ్యాయి. కోలుకుని మళ్లీ యూనిఫాం వేసుకున్నారు. అలాంటివాళ్ల కింద పనిచేసేవాళ్లకి ఉపన్యాసాలు అక్కర్లేదు. అలాగని అందరినీ ప్రాణాలకి తెగించమని నేను చెప్పను. ఏప్రిల్ 14న మేము రిబ్బన్లు పెట్టుకుని మౌనం పాటిస్తాం కదా, అది 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి ప్రాణాలు పోగొట్టుకున్న ఫైర్ సిబ్బంది కోసం. పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ ఒకే ఓడలో ఉన్నాయి. మీ ఫ్యాక్టరీలో ఏ డ్రమ్ము పక్కన ఏ డ్రమ్ము ఉందో అడగడానికి ఆ రోజుని వాడుకోండి. కేవలం మౌనంగా నిలబడి వదిలేయకండి.

ఒక మాట మాత్రం మగవాళ్లం ఒకరికొకరం చెప్పుకోం, నేను చెప్తున్నాను. పిల్లల్ని కాపాడలేకపోయిన కాల్ ఒకటి ప్రతి స్టేషన్‌లోనూ ఉంటుంది. దాని తర్వాత నిద్రలేకపోవడం, ఇంట్లో ఊరికే కోప్పడడం, తాగుడు, ఇవి పిరికితనం కాదు. అప్పుడు టీమ్ అంటే డ్యూటీ అయ్యాక ఇంటికి ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగేవాడు. అతనికి డాక్టరు అవసరమైతే దగ్గరుండి తీసుకెళ్లేవాడు. మీ ఫ్యాక్టరీలో ఇంతదాకా రాకూడదనే కోరుకుంటాను, కానీ ఆ అడిగే అలవాటు ఇప్పటినుంచే ఉండాలి.

చివరగా, డ్రిల్ తప్పించుకునే అబ్బాయి. మార్చేయకండి. కనీసం ఇప్పుడే వద్దు. ముందు విడిగా టీకి తీసుకెళ్లి అడగండి. నా అనుభవంలో డ్రిల్ ఎగ్గొట్టేవాళ్లలో చాలామందికి ఏదో ఒక భయం ఉంటుంది, ఎక్కువగా ఎత్తు అంటేనో, మొహానికి మాస్కు బిగిస్తేనో. అందరి ముందూ అది బయటపడుతుందని వంకలు చెప్తారు. నా దగ్గర ఒకతను మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదని మూడు నెలలు జ్వరాలు నటించాడు. సిలిండర్ లేకుండా వట్టి మాస్కు ఇంటికిచ్చి పంపాను, టీవీ చూస్తూ పెట్టుకోమని. మొదట ఐదు నిమిషాలు, తర్వాత పది. తర్వాత అతనే మా స్టేషన్లో మాస్కులన్నీ చూసుకునేవాడు, ఒక్కోటి కడిగి, సీలు తడిమి, నీడన ఆరబెట్టేవాడు.

భయం కాకపోతే, తన పనికి విలువ లేదనుకుంటున్నాడేమో చూడండి. రెండేళ్లుగా అతన్ని ఎక్కడ నిలబెడుతున్నారో గుర్తు చేసుకోండి. ఎప్పుడూ హోస్ చుట్టే చివరివాడేనా? అయితే ఈ వారం డ్రిల్‌లో బ్రాంచ్ అతని చేతికివ్వండి, వెనక మీ టీమ్‌లో బలమైనవాణ్ణి నిలబెట్టండి. పంపు దగ్గర మీరు నిలబడండి. గేజి ముల్లు మీదే కళ్లు పెట్టి, ఏడు దాటకుండా, ఏడు తగ్గకుండా చూస్తూ ఉండండి. అయిపోయాక అతని దగ్గరికి నడిచి వెళ్లి, నీళ్లు ఎక్కడిదాకా అందాయో అడగండి.